విండోస్ మనం ఎంచుకున్నదేనా? లినక్స్‌లో గేమ్స్ గురించి, స్వేచ్ఛ గురించి



ఒక చిన్న ప్రశ్న. మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండాలని మీరు ఎప్పుడైనా కోరుకున్నారా? కొనేటప్పుడు ర్యామ్ ఎంతో అడిగాం. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అడిగాం. సెకండ్ హ్యాండ్‌ది అయితే స్క్రీన్ మీద గీతలున్నాయేమోనని వెలుతురులో తిప్పి తిప్పి చూశాం. విండోస్ కావాలా వద్దా అని మాత్రం మనమూ అడగలేదు, షాపువాళ్లూ అడగలేదు. అది ఉంది, అంతే. పుడితే ఇంటిపేరు వచ్చినట్టు వచ్చింది.

ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ అయి ఉండాలి. మనలో చాలామంది దగ్గర ఉన్నవి అన్నల నుంచి తమ్ముళ్లకి, అక్కల నుంచి చెల్లెళ్లకి దిగిన పాత మెషీన్లు. అవి బాగానే నడుస్తున్నాయి, కానీ కంపెనీ లెక్కలో వాటి పని అయిపోయింది. ఒక ఏడాది పాటు అదనంగా అప్‌డేట్లు తీసుకునే ఏర్పాటు ఉంది గానీ అది వాయిదానే. కొత్తది కొనాలి, లేదా రక్షణ లేకుండా నెట్టుకురావాలి, లేదా లినక్స్ వేసి చూడాలి.

మేము కొందరం మూడో దారి పట్టాం. ప్రాజెక్టులకీ, బ్రౌజింగ్‌కీ, నోట్స్‌కీ లినక్స్ సరిపోతుందని అందరికీ తెలుసు. ఆగేది ఒక్క దగ్గరే. "లినక్స్‌లో గేమ్స్ రావు అన్నా" అనే మాట దగ్గర. అది ఎంతవరకు నిజమో చూద్దామని కూర్చున్నాం. ఆ రాత్రుల్లో గేమ్స్ డౌన్‌లోడ్ అవుతుండగా ఇంకో పెద్ద వాదన మొదలైంది. మాలో కొందరు అన్నది: "మనం ఏది వాడాలో కంపెనీలు ఎప్పుడో నిర్ణయించేశాయి. అసలు మనిషికి ఎంచుకునే శక్తే లేదు, బుర్రలో అంతా ముందే జరిగిపోతుందని సైన్సే చెప్తోంది." మిగతావాళ్లు అన్నది: "అదంతా సాకు. మనసుంటే మార్గముంటుంది. మారనివాడు బద్ధకస్తుడు, అంతే."

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ రెండు మాటలూ మనలాంటివాళ్లకు ప్రమాదమే. స్వేచ్ఛ ఉందా లేదా అని ఒక్క మాటలో తేల్చేది కాదు. అది ఎక్కువ తక్కువల్లో ఉంటుంది, పెంచుకుంటే పెరుగుతుంది. లినక్స్‌లో గేమ్ ఆడటం అనే చిన్న పనిలో ఆ పెరగడం ఎలా ఉంటుందో కళ్లకు కనబడింది. అందుకే ఈ పోస్ట్.

తలుపు ఎవరు వేశారు?

"అందరూ విండోస్ వాడుతున్నారంటే అదే మంచిదని కదా" అంటారు. కొంచెం వెనక్కి వెళ్దాం. 1990ల మొదట్లో మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ తయారీదారులతో ఒక రకం ఒప్పందం చేసుకునేది. తయారీదారు ఎన్ని మెషీన్లు అమ్మితే అన్నిటికీ మైక్రోసాఫ్ట్‌కి డబ్బు కట్టాలి, ఆ మెషీన్‌లో వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి అమ్మినా సరే కట్టాలి. ఇక రెండోదానికి వేరే డబ్బు ఎవరు పెడతారు? అమెరికా ప్రభుత్వం ఈ పద్ధతి మీద పడింది, 1994లో రాజీ కుదిరి ఆ రకం లైసెన్సులు ఆపేస్తామని కంపెనీ ఒప్పుకుంది. అప్పటికే షాపుల్లో వరస కుదిరిపోయింది.

1995లో డైరెక్ట్‌ఎక్స్ వచ్చింది. గేమ్ తయారుచేసేవాళ్లు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడటానికి వాడే భాష అనుకోండి. ఆ భాష విండోస్‌కే సొంతం. ఆడేవాళ్లు విండోస్‌లో ఉన్నారని గేమ్స్ విండోస్‌కే చేశారు. గేమ్స్ విండోస్‌లోనే ఉన్నాయని ఆడేవాళ్లు విండోస్‌లోనే ఉండిపోయారు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు ముప్పై ఏళ్లు తిరిగింది. ఇందులో మన ఇష్టం ఎక్కడుంది?

అయితే ఇక్కడే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కేరళ ప్రభుత్వ బడుల్లో చాలా ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెప్తున్నారు. అక్కడి పిల్లలకు లినక్సే మామూలు. మరి ఆ పిల్లలు లినక్స్‌ను ఎంచుకున్నారా? వాళ్లూ ఎంచుకోలేదు. వాళ్ల తరఫున ఇంకెవరో ఎంచుకున్నారు. కాబట్టి విండోస్ వాడేవాళ్లు బానిసలు, లినక్స్ వాడేవాళ్లు స్వతంత్రులు అనే లెక్క మాకు నచ్చదు. ముందు ఎవరో పెట్టిన దగ్గరే అందరం మొదలవుతాం. ఆ తర్వాత కదలగలమా లేదా అన్నదే ప్రశ్న.

తలుపు ఎలా తెరుచుకుంది?

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటర్ కోసం ఒక కెర్నల్ రాయడం మొదలుపెట్టి, దాన్ని అందరికీ ఇచ్చాడు. అంతకు ముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఆయన సాఫ్ట్‌వేర్‌కి నాలుగు స్వేచ్ఛలు ఉండాలన్నాడు: ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసి మార్చుకోవచ్చు, ఇతరులకు కాపీ ఇవ్వొచ్చు, మార్చినదాన్ని కూడా పంచొచ్చు.

గేమ్స్ సంగతికి వస్తే, 1993లోనే వైన్ అనే ప్రాజెక్టు మొదలైంది. విండోస్ ప్రోగ్రాం "నాకిది కావాలి" అని విండోస్‌ని అడిగే ప్రతి మాటనీ లినక్స్‌కి అర్థమయ్యేలా తిప్పి చెప్పే మధ్యవర్తి అది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ఈ వైన్ మీద ఆధారపడి ప్రోటాన్ తెచ్చింది. దాంట్లో డీఎక్స్‌వీకే అనే భాగం డైరెక్ట్‌ఎక్స్ మాటల్ని వల్కన్ అనే బహిరంగ భాషలోకి మారుస్తుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ మెషీన్ లినక్స్ మీదే నడుస్తుంది. దానితో ఈ పని ఇంకా ఊపందుకుంది.

వాల్వ్ ఇది ధర్మానికి చేసిందా? కాదు. విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ సొంత యాప్ స్టోర్ తెచ్చింది. రేపు తమ షాపు ఇంకొకరి వాకిట్లో ఉంటే ఎప్పుడైనా ఖాళీ చేయమనొచ్చని వాల్వ్‌కి అర్థమైంది. అందుకే తనకంటూ ఒక నేల చూసుకుంది. నేల మనది కాకపోతే ఏమవుతుందో మన ప్రాంతాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

సరే, ఆడి చూస్తే ఏముంది? కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2, స్టార్‌డ్యూ వ్యాలీ, హాలో నైట్, మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ నేరుగా లినక్స్‌కే ఉన్నాయి. సూపర్ టక్స్ కార్ట్ లాంటివి పూర్తిగా ఉచితం, పాత మెషీన్లలో కూడా నడుస్తాయి. ఒక్కరమే ఆడుకునే విండోస్ గేమ్స్‌లో చాలా భాగం ప్రోటాన్‌తో నడుస్తాయి. కొన్నిటికి మొదటిసారి షేడర్లు తయారయ్యేదాకా ఆగాలి, కొన్నిటికి ప్రోటాన్ వెర్షన్ మార్చాలి.

నడవనివి ఏంటో కూడా దాచకుండా చెప్పాలి. వాలరెంట్ నడవదు. దాని యాంటీ చీట్ అయిన వాన్‌గార్డ్ విండోస్ కెర్నల్ లోపల కూర్చుంటుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి కూడా 2024లో అదే వచ్చి లినక్స్ వాళ్లు బయటపడ్డారు. ఎపెక్స్ లెజెండ్స్ నడిచేది, 2024 చివర్లో కంపెనీయే ఆపేసింది. జీటీఏ 5 కథ ఒక్కరమే ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ మాత్రం 2024 సెప్టెంబర్ నుంచి లినక్స్‌లో రావట్లేదు. ఫోర్ట్‌నైట్ సంగతి ఇంకా విచిత్రం. ఈజీ యాంటీ చీట్ అనే సాఫ్ట్‌వేర్ ఎపిక్ కంపెనీదే, అది 2021 నుంచి ప్రోటాన్‌లో పనిచేసే వీలుంది. అయినా ఎపిక్ సొంత గేమ్ ఫోర్ట్‌నైట్‌ని లినక్స్‌కి తెరవలేదు. తలుపు ఉంది, తాళం చెవీ వాళ్ల చేతిలోనే ఉంది, తీయరు. చీటింగ్ పెరుగుతుందన్నది వాళ్ల వాదన. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ మన మెషీన్ లోపలి గది దాకా వాళ్లు వచ్చి కూర్చోవాలా అన్నది కూడా ప్రశ్నే.

ఇప్పుడు చెప్పండి. వాలరెంట్ కోసం విండోస్‌లో ఉండిపోయినవాడు బద్ధకస్తుడా? స్నేహితులంతా అదే ఆడుతుంటే, వాడొక్కడే బయట కూర్చోవాలా? అందుకే "మనసుంటే మార్గముంటుంది" అన్నది సగం మాటే. కొన్ని మార్గాలకు అడ్డంగా గోడలు కట్టేవాళ్లు ఉన్నారు. ఇంకో పక్క, 2017లో లినక్స్‌లో గేమ్స్ రావన్న మాట చాలావరకు నిజం, ఈరోజు చాలావరకు నిజం కాదు. "ఎవరో నిర్ణయించేశారు, మారదు" అనుకుని చేతులు కట్టుకున్నవాళ్ల వల్ల ఇది మారలేదు. వైన్ మొదలైన రోజు నుంచి ప్రోటాన్ వచ్చే దాకా 25 ఏళ్లు తీరిక వేళల్లో కోడ్ రాసినవాళ్ల వల్ల మారింది.

అసలు ఎంచుకునేది ఎవరు?

ఇక రెండో వాదన. బుర్రలో అంతా ముందే జరిగిపోతుందన్నవాళ్లు బెంజమిన్ లిబెట్ ప్రయోగం చెప్తారు. 1983లో ప్రచురించాడు. మనుషుల్ని కూర్చోబెట్టి, నీకు ఇష్టం వచ్చినప్పుడు మణికట్టు కదుపు, కదపాలనిపించిన క్షణంలో గడియారంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకో అన్నాడు. తల మీద తీగలు పెట్టి మెదడు కరెంటు కొలిచాడు. చెయ్యి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో సన్నాహం మొదలైంది. "కదపాలి" అనిపించింది మాత్రం సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. అంటే మనకు తెలియకముందే 350 మిల్లీసెకన్లు మెదడు పని మొదలుపెట్టేసింది. 60 ఫ్రేములతో ఆడేవాళ్లకు లెక్క చెప్పాలంటే, అది 21 ఫ్రేములు. పింగ్ 350 ఉంటే ఎవరైనా గేమ్ వదిలేసి వెళ్లిపోతారు. మన మనసు మన మెదడుకి అంత లేటుగా కనెక్ట్ అవుతోందా?

వినగానే భయం వేస్తుంది. కానీ కథ అక్కడ ఆగలేదు. మెదడు సన్నాహం మొదలయ్యాక కూడా చివరి క్షణంలో వద్దని ఆపే అవకాశం ఉందని లిబెట్టే అన్నాడు. 2012లో ఆరన్ షర్గర్, ఆయన సహచరులు ఆ సన్నాహాన్ని ఇంకోలా చూపించారు. మెదడులో ఎప్పుడూ పైకీ కిందకీ ఊగే అలలు ఉంటాయి, ఏ తొందరా లేని పనికి ఆ అల గీత దాటినప్పుడు చెయ్యి కదులుతుంది, వెనక్కి చూస్తే ముందే నిర్ణయమైపోయినట్టు కనబడుతుంది అన్నారు. పైగా ఊరికే మణికట్టు కదపడం వేరు, ఏ కోర్సు చదవాలి, ఎవరిని పెళ్లి చేసుకోవాలి, ఏ మెషీన్ కొనాలి అని నెలల తరబడి నలుగురితో మాట్లాడి తేల్చుకోవడం వేరు.

2023లో రాబర్ట్ సపోల్స్కీ అనే స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త "డిటర్మిన్డ్" అనే పుస్తకం రాశాడు. ఒక పని వెనక ఒక క్షణం ముందు మెదడు, గంట ముందు హార్మోన్లు, ఏళ్ల ముందు బాల్యం, శతాబ్దాల ముందు సంస్కృతి ఉంటాయి, ఈ గొలుసులో "స్వేచ్ఛ" దూరే సందు లేదు అంటాడు. అదే ఏడాది కెవిన్ మిచెల్ అనే జన్యు శాస్త్రవేత్త "ఫ్రీ ఏజెంట్స్" రాసి అడ్డంగా వాదించాడు. ప్రాణులు తమ కారణాలతో తాము పనిచేసే శక్తిని పరిణామం ద్వారా సంపాదించుకున్నాయి, అందులో మనిషిది ఎక్కువ పాలు అన్నాడు.

ఇది అమెరికా, యూరప్‌ల గొడవే అనుకోకండి. బుద్ధుడి కాలంలోనే ఈ నేల మీద మక్ఖలి గోసాలుడు ఉన్నాడు. ఆజీవకుల గురువు. విసిరిన దారపు ఉండ ఎంత దారముందో అంతదాకా విప్పుకుంటూ పోయినట్టు జీవితం నియతి ప్రకారం సాగిపోతుంది, మనిషి ప్రయత్నం వల్ల ఏమీ మారదు అన్నది ఆయన బోధగా బౌద్ధ గ్రంథాలు చెప్తాయి. బుద్ధుడు దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ప్రయత్నానికి ఫలితం లేదంటే మంచి చెయ్యమని ఎవరికీ చెప్పలేం కదా అన్నది అసలు గొడవ.

మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఒకే వెర్షన్‌లో ఒకే సీడ్ నంబర్ ఇస్తే ఒకే ప్రపంచం వస్తుంది. కొండ అక్కడే, ఏరు అక్కడే. కానీ ఆ కొండ మీద ఎవరు ఏం కడతారన్నది సీడ్‌లో లేదు. సపోల్స్కీ లాంటివాళ్లు వెంటనే "ఆడేవాడు కూడా ఒక సీడే కదా" అంటారు. అనొచ్చు. దానికి పూర్తి జవాబు మా దగ్గర లేదు, ఇన్ని వేల ఏళ్లలో ఎవరూ అందరూ ఒప్పుకునేలా చెప్పలేదు. మేము చెప్పేది దాని తర్వాత మాట. ఈ వాదనలో ఎటు తేలినా దాన్ని మన మీద ఎలా వాడతారో చూసుకోవాలి.

ఇది మనకెందుకు?

"వీళ్లు పుట్టుకతోనే ఇంతే" అన్న మాట తత్వశాస్త్రం క్లాసులోనే ఉండిపోలేదు. చట్టమై కూర్చుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. కొన్ని తెగలను మొత్తంగా నేరస్థుల జాబితాలో వేసింది. ఆ తెగలో పుడితే చాలు, పోలీసుల దగ్గర పేరు నమోదు, హాజరు వేయించుకోవడం, ఊరు దాటాలంటే అనుమతి. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన ఎరుకల వాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. 1952లో ఆ చట్టం రద్దయింది. మచ్చ మాత్రం పోలేదు. 2024 అక్టోబర్‌లో కూడా సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులం చూసి పనులు పంచే నిబంధనలను, విముక్త తెగలను అలవాటుగా నేరం చేసేవాళ్లుగా చూసే నిబంధనలను కొట్టేయాల్సి వచ్చింది. పుట్టుక అన్నీ నిర్ణయిస్తుందని నమ్మే రాజ్యం చేతిలో పడితే ఏమవుతుందో మనకు పుస్తకం అక్కర్లేదు, తాతల కథలు చాలు.

సపోల్స్కీ ఇలాంటిదాన్ని సమర్థించలేదు. ఆయన చెప్పేది దానికి తిరగబడిందే, కారణాలు తెలిస్తే మనిషిని నిందించడం మానేస్తాం అంటాడు. ఆ మాటకు మేమూ చేతులెత్తుతాం. ఎందుకంటే "అంతా నీ చేతుల్లోనే ఉంది" అన్నది రెండో దెబ్బ. ఆశ్రమ పాఠశాలలో చదివి డిగ్రీకి వచ్చాక మొదటిసారి కీబోర్డ్ ముట్టుకున్న చెల్లెనీ, ఐదేళ్ల వయసు నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్న అమ్మాయినీ ఒకే టైపింగ్ టెస్టులో కూర్చోబెట్టి, వెనకబడితే "కష్టపడలేదు" అంటారు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊరివాడికి "ఆన్‌లైన్‌లో అన్నీ ఫ్రీగానే ఉన్నాయి కదా" అంటారు. ఒకరు మన పుట్టుకను మన మీద రాస్తారు. ఇంకొకరు తలుపులన్నీ మూసి, రాలేదని మనల్నే తిడతారు. మనం రెండిటికీ తల ఊపకూడదు.

మా అభిప్రాయం

17వ శతాబ్దపు ఇంగ్లిష్ తాత్వికుడు జాన్ లాక్ ఒక ఉదాహరణ ఇచ్చాడు. నిద్రలో ఉన్న మనిషిని ఎత్తుకెళ్లి ఒక గదిలో పెట్టారు. లేచేసరికి తనకు ఇష్టమైన స్నేహితుడు అక్కడున్నాడు. సంతోషంగా కబుర్లు చెప్తూ అక్కడే ఉండిపోయాడు. తలుపుకు బయట తాళం ఉందని అతనికి తెలియదు. అతను ఇష్టపడే ఉన్నాడు, నిజమే. కానీ వెళ్లే వీలు లేదు, కాబట్టి స్వేచ్ఛ లేదు అంటాడు లాక్. విండోస్‌లో గేమ్స్ ఆడుకునే మనం చాలాకాలం ఆ గదిలో మనుషులమే. ఇష్టంగానే ఉన్నాం. తాళం సంగతి ఎప్పుడు తెలుస్తుంది? లేచి తలుపు నెట్టి చూసినప్పుడే.

1971లో హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే అమెరికన్ తాత్వికుడు ఇంకో సంగతి చెప్పాడు. కోరికలు జంతువులకూ ఉంటాయి. "నాకు ఈ కోరిక ఉండాలా" అని అడగడం మనిషి లక్షణం. రోజూ లాగిన్ అయితే బహుమతి, పది రోజులు తప్పకపోతే స్కిన్, డబ్బు పెడితే పెట్టె తెరుచుకుంటుంది. ఇలాంటి గేమ్స్ మన కోరికను తయారుచేస్తాయి. రాత్రి రెండింటికి "ఇంకొక్క మ్యాచ్" అన్నది మన మాటా, గేమ్ చేసినవాళ్ల మాటా? ఈ ప్రశ్న అడిగిన రోజున కొంచెం స్వేచ్ఛ పెరిగినట్టే. ఇది లినక్స్‌లో అయినా విండోస్‌లో అయినా ఒకటే. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినంత మాత్రాన ఆ పని ఎవరూ మన తరఫున చెయ్యరు.

కాబట్టి మేము ఏ విషయంలోనైనా మూడు ప్రశ్నలు అడుగుదామంటాం. తలుపు ఉందా? ఉందని మనకు తెలుసా? దాన్ని తెరిచే శక్తి, తీరిక, తోడు మనకు ఉన్నాయా? మూడూ ఉన్నాక కూడా ఒకరు విండోస్‌లోనే ఉంటానంటే అది వాళ్ల ఎంపిక, గౌరవిద్దాం. మూడిట్లో ఒకటి లేనప్పుడు మాత్రం "నీ ఇష్టం" అనడం అన్యాయం. స్కాలర్‌షిప్పుకైనా, చదువుకైనా, గేముకైనా ఇదే కొలత.

మన భాషలో ఒక అందం ఉంది. ఇంగ్లిష్‌లో ఫ్రీ అంటే డబ్బు అక్కర్లేదనీ, స్వతంత్రమనీ రెండూ వస్తాయి. అందుకే స్టాల్‌మన్ బృందం ఇన్నేళ్లూ వివరణ ఇచ్చుకుంటూనే ఉంది. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో తెలుగు లినక్స్ మీద పనిచేసిన సంస్థ పేరు కూడా స్వేచ్ఛే. స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ. సొంత కోరిక. సాఫ్ట్‌వేర్ వాదనా, తత్వశాస్త్రం వాదనా ఈ ఒక్క మాట దగ్గరే కలుస్తాయి: ఈ కోరిక ఎవరిది?

కొన్ని అభ్యంతరాలు

"పోడు పట్టాలు, నోటిఫికేషన్లు, హాస్టల్ మెస్ బిల్లులు ఉండగా గేమ్స్ గోల ఏంటి?" అని పెద్దన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మా జవాబు: డ్రైవర్ ఎందుకు పనిచేయట్లేదో వెతకడం, టెర్మినల్‌లో ఎర్రర్ చదవడం, లాగ్ ఫైల్ చూడటం మాలో చాలామంది ఒక గేమ్ నడిపించడం కోసమే నేర్చుకున్నాం. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని 500 అతిపెద్ద సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. సర్వర్లలోనూ అదే పెద్ద వాటా. గేమ్ కోసం నేర్చింది ఉద్యోగంలో అక్కరకొస్తుంది.

"స్టీమ్ కూడా కంపెనీదే, గేమ్స్ కోడ్ కూడా మూసే ఉంది, ఇదేం స్వేచ్ఛ?" నిజమే. వాల్వ్ రేపు మనసు మార్చుకోవచ్చు. తేడా ఏంటంటే, ప్రోటాన్ కోడ్ బయటే ఉంది, వాల్వ్ వదిలేసినా ఇంకొకరు అందుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ కూడా లినక్స్ కెర్నల్ మీదే నడుస్తుంది, అయినా చాలా ఫోన్లలో లోపలికి వెళ్లనివ్వరు. పేరు లినక్స్ అయితే చాలదు, చెయ్యి పెట్టనివ్వాలి.

ఇంకోటి మనకే సంబంధించింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. మసారం గోండి అంతకు ముందు ఏడాది వచ్చింది. రెండింటికీ ఉచిత నోటో ఫాంట్లు ఉన్నాయి. తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో మన భాష మెనూ పెట్టాలంటే మనవాళ్లు పదిమంది కూర్చుంటే సరిపోతుంది. కొనేవాళ్లు తక్కువని చెప్పి ఏ కంపెనీ మనల్ని వెనక్కి పంపే వీలు లేదు.

చేసి చూడాలనుకుంటే

ఉన్నదాన్ని తుడిచేయొద్దు. ముందు ఫైళ్లు ఇంకో దగ్గర దాచుకోండి, బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాంట్లోంచి బూట్ చేసి చూడొచ్చు. వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ పనిచేస్తున్నాయా చూడండి. ర్యామ్ 4 జీబీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. నచ్చితే విండోస్ పక్కనే వేసుకోండి, రెండూ ఉంటాయి. స్టీమ్‌లో సెట్టింగ్స్, కంపాటిబిలిటీకి వెళ్తే ప్రోటాన్ ఉంటుంది. ఏ గేమ్ ఎలా నడుస్తుందో ప్రోటాన్‌డీబీలో ఆడినవాళ్లే రాస్తారు, ముందు అది చదవండి. ఇంటెల్ ఆరో తరం కంటే పాత గ్రాఫిక్స్‌లో వల్కన్ ఇబ్బంది పెడుతుంది, అలాంటి మెషీన్‌తో పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. వాలరెంటే మీ ప్రాణం అయితే విండోస్ ఉంచుకోండి, ఎవరూ ఏమీ అనరు.

డేటా గురించి ఒక మాట. మింట్ ఫైల్ దాదాపు 3 జీబీ ఉంటుంది. ఊళ్లో ప్రతి ఒక్కరూ దించుకోనక్కర్లేదు. టౌన్‌కి వెళ్లిన ఒక్కరు దించుకొస్తే ఆ పెన్‌డ్రైవ్ ఊరంతా తిరగొచ్చు. దొంగతనం కాదు, క్రాక్ కాదు, కాపీ ఇచ్చే హక్కు లైసెన్సులోనే రాసి ఉంది. విత్తనాలు ఇంటింటికీ చేతులు మారినట్టే ఇదీ. ఒకరికి వచ్చాక ఇంకొకరి పక్కన కూర్చుని చూపించండి. మూడు ప్రశ్నల్లో చివరిదైన తోడు మనమే కావాలి, అది డౌన్‌లోడ్ అయ్యేది కాదు.

మీలో ఎవరైనా చేసి చూస్తే ఏ మెషీన్, ఏ గేమ్, ఏం నడిచింది, ఏం నడవలేదు కింద రాయండి. మా వాదన తప్పనిపించినా రాయండి, ముఖ్యంగా సపోల్స్కీ వైపున్నవాళ్లు. ఎవరో రాసిపెట్టారు కాబట్టి ఒప్పుకోవద్దు, మేము రాసింది కూడా.